ఇరవై దాకా లెక్క

“టాటా మొబైల్ అమ్మబడును. మంచి కండిషన్. ఫోన్ చేయగలరు.”

ఇంతే రాశాను. ఫోటో పెట్టాలన్న తెలివి అప్పటికి నాకు లేదు. తెలిసినవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వేసిన పావుగంటకు గుత్తి నుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు.

“అన్నా, మొబైల్ ఎన్ని జీబీ?”

“జీబీ ఏందప్పా, డీజిల్ బండి అది.”

అవతల కాసేపు చప్పుడు లేదు. “అదే అనుకుంటాండా, టాటావాళ్లు ఫోన్లు ఎప్పుడు చేసినారబ్బా అని” అని పెట్టేశాడు. సాయంత్రంలోగా అట్లాంటివే ఇంకో మూడు వచ్చాయి. ఒకాయనైతే పాత ఫోన్ ఇస్తాను, ఎక్స్‌చేంజ్ చేసుకుంటావా అని బేరం కూడా మొదలుపెట్టాడు.

వాళ్లననడానికేం లేదు. ఇప్పటి పిల్లలకు టాటా మొబైల్ అంటే ఏం తెలుస్తుంది? టాటా మొబైల్ 206 అని 1988లో వచ్చిన పికప్ అది. అప్పటికి కంపెనీ పేరు టెల్కో, టాటా మోటార్స్ అని మారింది 2003లో. మన దేశంలో సెల్‌ఫోన్ మాట మొదలైంది 1995లో. కాబట్టి ఆ పేరు మీద మొదటి హక్కు మా బండిదే. ముందు కారు మొహం, వెనక తొట్టి. నాలుగు సిలిండర్ల 1948 సీసీ డీజిల్ ఇంజన్, ఐదు గేర్లు. కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు, వెనక చక్రాలకే ఉండేవి, ముందు ఉండేవి కావు. అందుకే జీపుల్లో తిరిగి నడుములు పోగొట్టుకున్న మా ఊరివాళ్లు దీంట్లో కూర్చుని “కారే, కారే” అని మురిసిపోయారు. తర్వాత వచ్చిన సియెర్రా, ఎస్టేట్ కార్లు దీని పునాది మీద పుట్టినవే. మొదట్లో వచ్చిన సుమోకు ఉన్నదీ ఈ ఇంజనే.

మాది అనంతపురం జిల్లా నార్పల పక్కన పల్లె. తొమ్మిదెకరాల్లో వానను నమ్ముకుని శెనక్కాయ, మూడెకరాల్లో బోరు కింద చీనీ, అదే బత్తాయి. 1993లో నాయన ఈ బండి కొన్నాడు. కొత్తది కాదు. తాడిపత్రిలో నాపరాళ్ల వ్యాపారం చేసే ఒకాయన 1990లో తీసుకుని మూడేళ్లు తిప్పిన బండి, ఏపీ 02 నంబరు. ఆ ఏడు శెనక్కాయ బాగా వచ్చింది. పంట డబ్బు చాలలేదు, కొంత వడ్డీకి తెచ్చాడు. అదీ చాలలేదు, అమ్మ మెడలోని రెండు తులాల గొలుసు కుదువకు పోయింది. గొలుసు తిరిగి అమ్మ మెడలోకి రావడానికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ ఎవరైనా “మీ బండి బాగుందక్కా” అంటే చాలు, అమ్మ చెయ్యి మెడ మీదికి పోయేది.

బండి వచ్చిన రోజు నాకు గుర్తున్నదల్లా చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు, వాటిని తొక్కినప్పుడు వచ్చిన వాసన, ఆ తర్వాత ఊరంతా ఒక చుట్టు. నాకు తొమ్మిదేళ్లు. తొట్టిలో మా తెలుగు వాచకమంత మందాన ఉలవపొట్టు ఎవరు పోశారో, ఎందుకు పోశారో ఇప్పటికీ తెలీదు.

బాగా గుర్తున్నది మాత్రం హీటరు.

పెట్రోల్ ఇంజన్లో అయితే స్పార్క్ ప్లగ్గుంటుంది, నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజన్లో అది ఉండదు. గాలిని పిస్టన్ గట్టిగా నొక్కితే పుట్టే వేడికి డీజిల్ తనకు తానే అంటుకోవాలి. ఈ పాతరకం ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, పైన పక్కగా ఉండే చిన్న అరలో పడుతుంది. రాత్రంతా నిలబెట్టిన బండిలో ఆ అర గోడలు చల్లబడిపోయి, పుట్టిన వేడినంతా అవే తాగేస్తాయి. అందుకని ఒక్కో సిలిండర్‌కు ఒక హీటర్ ప్లగ్గు. బ్యాటరీ కరెంటుతో అది ఎర్రగా కాలి అరను వెచ్చబెట్టాక సెల్ఫ్ కొట్టాలి. తొందరపడి ముందే కొడితే ఇంజన్ కుంయ్ కుంయ్‌మని మూలిగి తెల్లపొగ కక్కుతుంది, అంటుకోదు. నాలుగుసార్లు అట్లా చేస్తే బ్యాటరీ దిగిపోతుంది. ఆ తర్వాత తోసుడే.

ఎంతసేపు కాలాలో చూసుకునే టైమరు కంపెనీ పెట్టే ఉంటుంది. మాకు వచ్చేసరికే అది చచ్చిపోయింది. కొత్తదాని ధర విని నాయన, అనంతపురంలో ఎలక్ట్రీషియన్‌తో ఒక రిలే వేయించి, స్టీరింగ్ కింద కాలింగ్ బెల్ బటన్ లాంటి నల్ల బటన్ ఒకటి పెట్టించాడు. దాన్ని నొక్కిపట్టినంతసేపు ప్లగ్గులు కాలుతాయి. ఎంతసేపు నొక్కాలి? ఇరవై లెక్కపెట్టేంతసేపు. లెక్కపెట్టే పని నాది.

కార్తీకం, మార్గశిరం నెలల్లో తెల్లారి నాలుగ్గంటలకు లేపేవాడు. మార్కెట్‌కు పోయే రోజుల్లో రాత్రే చీనీకాయలు నింపి, మీద బోదగడ్డి కప్పి, పట్టా కట్టి ఉంచేవాళ్లు. నాయన టార్చిలైటుతో తాళ్లు బిగువు చూసుకుంటూ వెనక నుంచి అరిచేవాడు, “నొక్కురా!” నేను బటన్ నొక్కి, “ఒకటి... రెండు... మూడు...”

“గట్టిగా! నాకు ఇనపడల్ల.”

“మనసులో లెక్కపెడతాండా నాయనా.”

“మనసులో వద్దు. మనసులో లెక్కపెడితే పదారుకే ఇరవై అయిపోతాది.”

నిజమే. చలికి వణుకుతూ, మళ్లీ పోయి దుప్పటి కప్పుకోవాలన్న ఆశతో లెక్కపెట్టేవాడికి అంకెలు కాళ్లకు బుద్ధి చెప్పినట్టు పరిగెడతాయి. నోటితో అంటే ఒక్కో అంకెకు దాని బరువు దానికి ఉంటుంది. ‘పద్దెనిమిది’ అనడానికి పట్టే సమయమే ‘ఏడు’ అనడానికి పట్టదు గదా అని నేను ఒకసారి లా పాయింటు తీశాను. “అందుకే పది దాటినాకే బాగ కాల్తాది” అన్నాడు నాయన. ఆ జవాబు సరైనదో కాదో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు.

ఆ బండి మోయనిది లేదు. చీనీ, శెనక్కాయ మూటలు, యూరియా, టమోటా, ఎన్నికలప్పుడు మైకులు, పెళ్లిళ్లకు పెళ్లివాళ్లు. కంపెనీవాళ్లు ఎంత బరువు మోయమన్నారో నాయన ఎప్పుడూ చదవలేదు. వెనక కమాన్ కట్ట తిరగబడి ఏడుపుమొహం పెట్టినట్టు వంగితే ఆపేవాడు. అంతే కొలత.

పీర్ల పండుగ వస్తే మాత్రం బాడుగ మాట ఎత్తేవాడు కాదు. మా మండలంలోనే గూగూడు. కుళ్లాయిస్వామి దగ్గరికి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. హిందువులనీ ముస్లిములనీ లేదు, అగ్నిగుండం దగ్గర అందరూ ఒకటే. ఆ రోజుల్లో మా ఊరి నుంచి గూగూడుకు రాత్రీపగలూ ట్రిప్పులే. తొట్టిలో నిలబడి తాడు పట్టుకుని, నోట్లో దుమ్ము, చేతిలో చక్కెర చదివింపుల పొట్లం. తెల్లారిన తర్వాత తొట్టి అంతా చక్కెర రాలి, చీమలు బారులు కట్టేవి. చీమలున్నాయని నాయన రెండు రోజులు ఎరువు మూటలెయ్యలేదు. ఇది నేను చూసిన సంగతి కాబట్టి చెబుతున్నాను, లేకపోతే మా నాయన గురించి ఎవరన్నా ఇట్లా చెబితే నమ్మను.

1994లో ఒక రాత్రి చిన్నమ్మకు నొప్పులొచ్చాయి. అప్పటికి బత్తలపల్లిలో ఆర్డీటీ సంస్థ పెద్దాసుపత్రి లేదు, అనంతపురం పెద్దాసుపత్రికి పోవాల్సిందే. తొట్టిలో పరుపేసి, పైన పట్టా కట్టి, ముగ్గురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని నాయన బయలుదేరాడు. ఆ రాత్రి కూడా ఇరవై లెక్కపెట్టాను. చిన్నమ్మ అరుస్తుంటే ఒక్కో అంకె ఒక్కో గంటలా ఉంది. పదిహేనుకే వదిలేద్దామని నాయన మొహం చూశాను. కదల్లేదు మనిషి. సగం దారిలో పుట్టేశాడు వాడు. ఊళ్లో ఇప్పటికీ వాణ్ని మొబైలుగాడనే పిలుస్తారు. వాడి పెళ్లిపత్రికలో ఆ పేరు బ్రాకెట్లో వేయించమని స్నేహితులు గొడవ చేశారు కూడా. నాయన తెల్లారి వచ్చి, రెండు బిందెల నీళ్లతో తొట్టి కడిగి, చీనీ నింపుకుని వెళ్లిపోయాడు. “ఏమైంది నాయనా?” అంటే “మగపిల్లోడు. టైరు పంచరు” అన్నాడు. రెండూ ఒకే గొంతుతో.

2002, 2003 కరువులో బోర్లు ఎండిపోయాయి. మూడెకరాల చీనీ చెట్లూ నిలువునా ఎండితే కొట్టి కట్టెలకు అమ్ముకున్నాం. ఆ కట్టెలు మోసిందీ ఈ బండే. ఆ సంగతి ఇంతకంటే రాయలేను. 2005లో టాటా ఏస్ వచ్చింది, వీధికో ఛోటా హాతీ అయింది, బాడుగలు తగ్గాయి. 2009లో ఇంజన్ నీలంపొగ పెట్టి, డీజిల్‌తో పోటీగా ఆయిల్ తాగడం మొదలుపెట్టాక నాయన దాన్ని యాపచెట్టు కింద పెట్టి తాళంచెవి గూట్లో పడేశాడు. పాతినుము కొనే గుజిరీవాళ్లు వచ్చి కేజీల లెక్కన అడిగారు. ఆ ధరకు ఇవ్వలేదు. ప్రేమ అనుకునేరు, కాదు. రేటు నచ్చలేదు, అంతే. కోళ్లు సీటు కింద గుడ్లు పెట్టుకున్నాయి. అమ్మకు బండి మొదటిసారి పనికొచ్చింది.

నేను అనంతపురంలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. (లెక్కలే. నవ్వకండి.) 2021లో కరోనా రెండో విడత అప్పుడు బడులు లేక ఊరికొచ్చి కూర్చున్నప్పుడు, ఒక మధ్యాహ్నం యాపచెట్టు కింద ఆ బండి మొహం చూశాను. రెండు లైట్లూ పగిలి, మీద కోడిరెట్టతో, ఎవరో ముసలాయన కళ్లద్దాలు పోగొట్టుకున్నట్టు ఉంది. దాన్ని తిరిగి నిలబెడతానని అప్పుడే అనుకున్నాను. నాయనతో చెబితే, “నీ డబ్బు, నీ తిక్క” అన్నాడు.

ట్రాక్టర్‌తో లాక్కుపోయి అనంతపురంలో మా సాయిబు మేస్త్రి షెడ్డులో పెట్టాం. డెబ్భైకి దగ్గర్లో ఉన్న మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తితో కాకుండా వేళ్లతో తట్టి చూశాడు. “అనంతపురం బండి గదా, బతికింది. ఇదే నెల్లూరిదైతే ఈపాటికి జల్లెడ” అన్నాడు. మా జిల్లాలో పడే వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. రైతును చంపే ఆ కరువు గాలే ఇనుమును కాపాడింది. క్యాబిన్, చాసిస్, తలుపులు గట్టిగా ఉన్నాయి. పోయింది తొట్టి అడుగు ఒక్కటే. వాన వల్ల కాదది, యూరియా మూటలు చిట్లి రాలిన చోటల్లా రేకు బొక్కలు బొక్కలుగా తినేసి ఉంది. ఎక్కడ మూట పెట్టేవాళ్లో ఆ చిల్లులను బట్టి చెప్పొచ్చు.

ఇంజన్ విప్పేముందు మేస్త్రి దాన్ని ఎట్లాగో ఒకసారి పలికించాడు, పొగ చూడటానికి. “నల్లపొగైతే డీజిలెక్కువ పడతాంది, గాలి చాలడంల్యా. నీలంపొగైతే ఆయిల్ కాల్తాంది, రింగులు పోయినట్టు. వేడెక్కినాక కూడా తెల్లపొగొస్తే మాత్రం దేవుడా అనుకో, నీళ్లు లోపలికి పోతాండాయి.” మాకు నీలం. లేత్‌కు పంపి బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేశాం. నాజిళ్లు, డీజిల్ పంపు మైకో బోర్డున్న షాపులో ఇచ్చి సరిచేయించాం. సామాన్ల వేట వేరే కథ. పాత సుమోలు విప్పేచోట ఇంజన్ సామాను దొరికింది. తలుపు రబ్బర్లు, అద్దాల బీడింగు, లైట్ల కోసం బెంగళూరు జేసీ రోడ్డులో మూడు ఆదివారాలు కాదు, మూడు శనివారాలు తిరిగాను. మొదటి ఆదివారం పోతే షాపులన్నీ మూసి ఉన్నాయి, అదీ సంగతి.

రంగు దగ్గర ఒక తప్పు జరిగింది. డ్రైవర్ తలుపు లోపలి రేకు మీద నాయన మేకుతో గీసిన గీతలుండేవి. నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత, పక్కన ఏదో గుర్తు. అట్లా తలుపు నిండా. ట్రిప్పుల లెక్కలని నేననుకునేవాణ్ని. వాటిని ముట్టుకోవద్దని పెయింటర్‌కు చెప్పాలనుకుంటూనే స్కూల్లో పరీక్షల్లో పడిపోయాను. పోయి చూసేసరికి నున్నగా గీకేసి, లప్పం పెట్టి, ప్రైమర్ కూడా కొట్టేశాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

“అవా? అవి బాడుగ బాకీలురా. ఎవురెవురు ఎన్ని ట్రిప్పులు ఇయ్యాల్నో రాసుకున్నా. అన్నీ వసూలైనాయి లే.” ఆగి, “ఒకటి తప్ప. వాడు సచ్చిపోయినాడు” అన్నాడు.

2023 ఫిబ్రవరిలో బండి ఊరికొచ్చింది. ముదురు నీలం రంగు. డాష్‌బోర్డు విప్పినప్పుడు లోపల కనపడిన మొదటి రంగే వేయించాను. ఖర్చు 3,42,000 రూపాయలు, నా దగ్గర ప్రతి బిల్లూ ఉంది. దొరకని సామాను ఒకే ఒక్కటి, ఆ హీటర్ టైమరు. ఆ నల్ల బటన్ అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున నాయన లేచి, డెబ్భై నాలుగేళ్ల మనిషి, లుంగీ ఎగ్గట్టి డ్రైవర్ సీటెక్కాడు. నేను ఇటువైపు కూర్చున్నాను. బటన్ నొక్కి ఊరికే ఉన్నాడు. అర్థం కాలేదు. నా వైపు చూశాడు. అప్పుడు తట్టింది. తల నెరిసిన లెక్కల అయ్యవారు గొంతు సవరించుకుని “ఒకటి... రెండు...” మొదలుపెట్టాడు. పన్నెండు దగ్గర గొంతు పట్టేసింది. నాయన బటన్ మీద నుంచి వేలు తీయలేదు, “పదమూడు” అని అందించాడు.

ఒక్క సెల్ఫ్‌కు అంటుకుంది. ఊరి చివర కుంట దాకా తీసుకుపోయి, తిప్పుకొచ్చి, దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, “బాగుండాది” అన్నాడు. వెంటనే, “ఇంగ ఏం మోస్తాది?” అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఏమీ మోయదు. తొట్టిలో రంగు గీరుకుంటుందని నేను కొబ్బరికాయ కూడా పెట్టనివ్వను. వారం వారం ఊరికొచ్చి గుడ్డతో తుడవడం, కుంటదాకా తిప్పడం, మళ్లీ పట్టా కప్పడం. ఏడాదిన్నర అదే పని. రవాణా బండి కాబట్టి టాక్సు, ఏడాదికోసారి ఫిట్‌నెస్, గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు. వింటేజ్ కింద రాయించుకుందామా అంటే, 2021లో వచ్చిన నియమం ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికే ఆ హోదా, అదీ బాడుగలకు తిప్పని సొంత బండై ఉండాలి. మాది ముప్పై నాలుగేళ్లది. ముసలిదని టాక్సు వేయడానికి పనికొచ్చింది, ముసలిదని మర్యాద చేయడానికి వయసు చాలలేదు.

ప్రతి వారమూ నాయన ఒకటే మాట. “పని చేసే ఎద్దును కట్టేసి మేపితే దానికే రోగమొస్తాదిరా. అమ్మేయ్.” మొదట్లో కోపమొచ్చేది. ఆయన కోసమే కదా ఇదంతా అనుకునేవాణ్ని. ఆయన అడగలేదన్న సంగతి ఆలస్యంగా తట్టింది.

సరే, అమ్మకానికి పెట్టాం. ఫోన్ల బేరగాళ్లు పోయాక, ఫోటోలు పెట్టాక, అసలువాళ్లు రావడం మొదలైంది. పెళ్లికి ముందు ఫోటోలు తీసే ఒకతను తొట్టిలో పూల ఉయ్యాల కట్టడానికి కొక్కేలు వెల్డింగ్ చేసుకోవచ్చా అని అడిగాడు. హైవే మీద డాబా పెట్టబోతున్న ఒకాయన మరీ దారుణం. బండిని బోర్డు పైన ఎక్కించి నిలబెడతాడట, “ఇంజన్ మీరే ఉంచుకోండి సార్, బరువు తగ్గుతాది, ధర కూడా తగ్గించుకోండి” అన్నాడు. ఇరవై నెలలు ఆ ఇంజన్ కోసం తిరిగిన నన్ను పట్టుకుని! నాయన మాత్రం ఆలోచనలో పడ్డాడు, “ఇంజన్ బోరుకు పెట్టుకోవచ్చేమో” అని.

చివరికి 2024 డిసెంబరు మొదటి వారంలో హిందూపురం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లది చింతపండు వ్యాపారం. మార్కెట్‌కు మూటలు తోలడానికి వేరే బండ్లున్నాయి, దీన్ని తోట పనికి, కొంచెం సరదాకు అన్నాడు. నేను అనంతపురం నుంచి వచ్చేటప్పటికే వాణ్ని నాయన కూర్చోబెట్టి ఉగ్గాని, బజ్జీ పెట్టించాడు. ఉదయమే నేను కుంటదాకా తిప్పి ఉంచానేమో, ఇంజన్ వేడిగానే ఉంది. అబ్బాయి ఎక్కి తాళంచెవి తిప్పగానే గుర్రుమంది. వాడి మొహం వెలిగిపోయింది. నా మొహమూ వెలిగింది, మూడున్నర చెబుదామని.

నాయన నోరు తెరిచాడు.

“సెకండ్ గేరు చల్లగున్నప్పుడు గరగరమంటాదప్పా. ఒక్క క్షణం ఆగి ఎయ్యాల.”

నేను కాలితో తన్నాను.

“ఎడం పక్క తలుపు బిర్రుగా ఏస్తే అద్దం జారతాది. ఈడు తొట్టికి రంగు బాగా కొట్టిచ్చినాడు గానీ, కింద రేకు అతుకులే. ఎరువు మూటలెయ్యొద్దు.”

“నాయనా!”

“నన్నేంటికి తంతావురా? కొనేవాడికి చెప్పాల్నా వద్దా?”

ఒక్కో మాటకు పదివేల చొప్పున నా కళ్లముందే పోయాయి. అబ్బాయి 2,50,000 దగ్గర మొదలుపెట్టాడు. నేను బిల్లుల ఫైలు తెచ్చి ముందేశాను. వాడు మర్యాదగా తిరగేసి, “మీరు పెట్టింది నిజమేన్నా, అయితే బండి ధర అది కాదు గదా” అన్నాడు. లెక్కల అయ్యవారికి లెక్క చెప్పాడు. 2,70,000 దాకా వచ్చి ఆగితే, నాయన అందుకున్నాడు. “చూడప్పా, చీనీ అమ్మినప్పుడల్లా సూట్ పేరుతో టన్నుకు ఇంత అని తీసి తీసి నా తోలు ఊడబెరికినారు. నువ్వు కూడా సూట్ తీస్తే యట్లా? పదివేలెయ్యి.” అబ్బాయికి నవ్వొచ్చింది. 2,80,000కు తెగింది. పదివేలు బయానా ఇచ్చి, మిగతాది అక్కడికక్కడే ఫోన్లో పంపాడు. అమ్మ వాకిట్లో నిలబడి అంతా విని, “రెండు తులాల గొలుసు ఇప్పుడెంతప్పా?” అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30. ఆర్సీ ఇంకా నాయన పేరు మీదే. కళ్లద్దాలు పెట్టుకుని, సీటు మీద పేపరు పరుచుకుని, తెలుగులో ఒక్కో అక్షరం చెక్కినట్టు సంతకం చేశాడు. తాళంచెవి ఇచ్చేముందు దానికున్న కుళ్లాయిస్వామి బిళ్ల తీసుకుంటాడేమో అని చూశాను. తీసుకోలేదు. బండి కుంట మలుపు తిరిగేదాకా నేనే చూస్తూ నిలబడ్డాను. ఆయన అప్పటికే యాపచెట్టు కింద బండి నిలిపిన చోట, నూనె మరకల మీద కాళ్లతో మట్టి తోస్తున్నాడు, జారి పడతారని.

ఆ రాత్రి ఊళ్లోనే పడుకున్నాను. మర్నాడు ఆరుకాకముందే ఫోన్.

“అన్నా, బండి స్టార్టు కాలేదన్నా. నిన్న బాగనే వచ్చింది. ఇప్పుడు తెల్లపొగొచ్చి ఆగిపోతాంది. మీ మేస్త్రి నంబరుంటే...”

గుండె జారిపోయింది. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తే ఏమిటో మేస్త్రి చెప్పింది గుర్తొచ్చి, హెడ్ విప్పాలా, డబ్బు వెనక్కివ్వాలా, ఏవేవో ఆలోచిస్తున్నాను. నాయన పక్కమంచం మీద నుంచి చెయ్యి చాచి ఫోన్ లాక్కున్నాడు.

“ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినావు? మూడా? ఇంగ కొట్టద్దు. స్టీరింగ్ కింద చెయ్యి పెట్టు, ఎడం పక్క. నల్ల బటన్ ఉండాదా? ఆ, అదే. మావాడు చెప్పల్యా నీకు? వానికి యాడ గుర్తుంటాది. నొక్కిపట్టుకోని ఇరవై లెక్కపెట్టు.”

ఒక్క క్షణమాగి, “మనసులో కాదప్పా. నోటితో. నాకు ఇనపడాల” అన్నాడు.

స్పీకర్ ఎట్లా పెట్టాలో ఆయనకు తెలీదు. అయినా ఆ తెల్లారిజాము నిశ్శబ్దంలో హిందూపురం నుంచి ఆ అబ్బాయి గొంతు సన్నగా నాకూ వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు. మొదట సిగ్గుపడుతూ. పది దాటేసరికి కొంచెం ధైర్యంగా. పద్నాలుగు అన్నాక అంకె ఆగి, సెల్ఫ్ చప్పుడు, కుంయ్‌మని.

“ఏయ్,” అన్నాడు నాయన, మంచం మీద లేచి కూర్చుని, “ఇంగా ఆరుండాయి. మొదట్నుంచి రా.”